క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందూ తర్వాతా రక్తం పలచబరిచే మందులు: ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి

క్యాన్సర్ ఉన్నవారిలో రక్తం తేలిగ్గా గడ్డకడుతుంది. కణితి నుంచి వెలువడే పదార్థాలు, కొన్ని కీమో మందులు, కీమో ఎక్కించడానికి ఛాతీలో పెట్టిన పోర్టు, రోజుల తరబడి మంచం మీదే ఉండటం, అన్నీ కలిసి కాలి సిరల్లో రక్తపు గడ్డలు కట్టిస్తాయి. అదే మనిషికి కణితి నుంచి రక్తం కారే ప్రమాదమూ ఉంటుంది. కీమో వల్ల ప్లేట్‌లెట్లు పడిపోయి ఉండొచ్చు, కిడ్నీ నెమ్మదించి ఉండొచ్చు. ఆపరేషన్ ఈ రెండు ప్రమాదాలనూ ఒకేసారి పెంచుతుంది. అందుకే గుండె జబ్బు ఉన్నవారికి వాడే లెక్కను ఇక్కడ ఉన్నదున్నట్టుగా వాడటం కుదరదు.

మందు ఎప్పుడు ఆపాలని అందరూ అడుగుతారు. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలని అడిగేవారు తక్కువ. డిశ్చార్జి కాగితంలో ఆ తేదీ స్పష్టంగా రాసేవారు ఇంకా తక్కువ. ఆపడం దగ్గర కన్నా మళ్లీ మొదలుపెట్టడం దగ్గరే ఎక్కువ గమనిక కావాలి. ఈ వ్యాసం రోగులకు, ఇంట్లో చూసుకునేవారికి, వార్డులో పనిచేసే నర్సులకు, జూనియర్ డాక్టర్లకు. ఇందులోని రోజులు, మోతాదులు సర్జన్, మత్తు డాక్టర్, ఆంకాలజిస్టులతో కూర్చుని మాట్లాడుకోవడానికే. ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్ర ఆపొద్దు.

1. ముందు మందుల చిట్టా

ఆపరేషన్‌కు కనీసం పది రోజుల ముందు ఈ పని పూర్తవ్వాలి. ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ, ఇంజెక్షన్ పెట్టెలతో సహా, సంచిలో వేసుకుని వెళ్లండి. "బీపీ మాత్ర, గుండె మాత్ర" అని చెబితే చాలదు.

రక్తం పలచబరిచే మందుల్లో మన దగ్గర ఎక్కువగా కనిపించేవి: వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ (ఎసిట్రామ్ పేరుతో అందరికీ తెలిసినది), అపిక్సబాన్, రివరోక్సబాన్, డబిగాట్రాన్ అనే కొత్త తరం మాత్రలు, పొట్ట మీద చర్మం కింద ఇచ్చే ఎనాక్సపారిన్, డాల్టెపారిన్ ఇంజెక్షన్లు. వీటికి తోడు ప్లేట్‌లెట్ల పని ఆపే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్. కొన్ని క్యాప్సూల్స్‌లో రెండు మూడు మందులు కలిసి ఉంటాయి. ఎకోస్ప్రిన్ గోల్డ్‌లో ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ కూడా ఉంది. "ఎకోస్ప్రిన్ వాడుతున్నా" అని నోటిమాటగా చెబితే ఆ రెండో మందు ఎవరి దృష్టికీ రాదు.

రక్తం పలచబరిచేవి కాకపోయినా రక్తస్రావం పెంచే మందులు ఉన్నాయి. బెవాసిజుమాబ్ అనే క్యాన్సర్ మందు తీసుకుంటున్నవారికి చివరి డోసు నుంచి పెద్ద ఆపరేషన్ దాకా కనీసం 28 రోజుల ఎడం ఉండాలి. లేకపోతే రక్తం ఆగకపోవడమే కాదు, గాయం మానకపోవచ్చు, పేగు కుట్లు ఊడిపోవచ్చు. రక్త క్యాన్సర్లకు వాడే ఇబ్రూటినిబ్‌ను ఆపరేషన్‌కు ముందూ తర్వాతా 3 నుంచి 7 రోజులు ఆపుతారు. నొప్పికి సొంతంగా వేసుకునే డైక్లోఫెనాక్, చేపనూనె గుళికలు, వెల్లుల్లి గుళికలు, పేరు తెలియని పసరు మందులు, ఏదీ దాచకుండా చెప్పండి.

ప్రతి మందు పక్కన అది ఎందుకు మొదలైందో, ఏ తేదీన మొదలైందో రాయండి. కాలిలో గడ్డ కట్టిందా, ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందా, గుండె లయ తప్పిందా, కృత్రిమ కవాటం ఉందా, స్టెంట్ వేశారా? ప్రణాళిక అంతా ఈ తేదీల మీదే నడుస్తుంది.

2. పరీక్షలు, ఒక చిన్న లెక్క

ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్, క్రియాటినిన్, కాలేయ పరీక్షలు, వార్ఫరిన్ లేదా ఎసిట్రామ్ వాడేవారికి ఐఎన్ఆర్ (రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతోందో చూపే అంకె). వీటితో పాటు ఆ రోజు బరువు. ఆరు నెలల కిందటి బరువుతో ఇంజెక్షన్ మోతాదు లెక్కకడితే, క్యాన్సర్‌తో పది కిలోలు తగ్గిన మనిషికి ఎక్కువ మందు వెళుతుంది.

క్రియాటినిన్ నార్మల్‌గా ఉందని కిడ్నీ బాగుందనుకోవద్దు. కండ కరిగిపోయినవారిలో ఆ అంకె తక్కువే చూపిస్తుంది. లెక్క ఇలా చేయాలి: 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, 72ను క్రియాటినిన్‌తో గుణిస్తే వచ్చిన సంఖ్యతో భాగించాలి. మహిళలైతే వచ్చినదాన్ని 0.85తో గుణించాలి. 62 ఏళ్ల మహిళ, 48 కిలోలు, క్రియాటినిన్ 1.1 అనుకుందాం. 78 × 48 = 3744. దాన్ని 79.2తో భాగిస్తే 47. 0.85తో గుణిస్తే 40. ల్యాబ్ కాగితంలో ఎర్ర గీత ఉండదు కానీ ఈమె డబిగాట్రాన్ వాడుతుంటే ఆపాల్సిన రోజులు రెట్టింపవుతాయి. సిస్‌ప్లాటిన్ కీమో తీసుకున్నవారిలో ఈ లెక్క తప్పనిసరి.

ప్లేట్‌లెట్లు 50,000 పైన ఉంటే రక్తం పలచబరిచే మందు పూర్తి మోతాదు (కట్టిన గడ్డకు చికిత్సగా ఇచ్చేది) ఇవ్వొచ్చు. 25,000 నుంచి 50,000 మధ్య ఉంటే సాధారణంగా మోతాదు సగానికి లేదా నివారణ మోతాదుకు (గడ్డ కట్టకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే చిన్న మోతాదు) తగ్గిస్తారు. 25,000 లోపైతే ఆపుతారు. చాలా ఆపరేషన్లకు 50,000, మెదడు ఆపరేషన్లకు 100,000 ఉండాలని చూస్తారు.

3. ఆపరేషన్ ఏ కోవలోది?

పేగు, కాలేయం, క్లోమం, కిడ్నీ, గర్భాశయం, ఊపిరితిత్తి, మెదడు క్యాన్సర్ ఆపరేషన్లన్నీ ఎక్కువ రక్తస్రావం కోవలోకి వస్తాయి. రొమ్ము ఆపరేషన్ చిన్నదైతే తక్కువ లేదా మధ్యస్థం. పునర్నిర్మాణం కూడా చేస్తుంటే ఎక్కువ. కాలేయం, కిడ్నీ నుంచి సూదితో ముక్క తీయడం పైకి చిన్న పనిలా కనిపిస్తుంది, కానీ లోపల రక్తం కారితే చేత్తో నొక్కి ఆపలేం కాబట్టి అదీ ఎక్కువ కోవే. వెన్నులో సూది వేసి కీమో ఇవ్వడం కూడా అంతే. ఛాతీలో, పొట్టలో నీరు తీయడం, పోర్టు వేయడం, పైపైన ఉన్న గడ్డకు సూది పరీక్ష, పన్ను తీయడం లాంటివి తక్కువ ప్రమాదం. వీటికి చాలాసార్లు మందు ఆపనక్కరలేదు, లేదా ఆ పూట డోసు ఒక్కటి వదిలేస్తే చాలు. ఇలాంటి చిన్న పనికి ఐదు రోజులు మందు ఆపించడం లాభం లేని ప్రమాదం.

4. గడ్డ కట్టే ప్రమాదం ఎంత?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న: చివరిసారి గడ్డ ఎప్పుడు కట్టింది? మూడు నెలల లోపైతే ప్రమాదం ఎక్కువ. మొదటి నెలలో మరీ ఎక్కువ. కాబట్టి వాయిదా వేయగలిగిన ఆపరేషన్‌ను కనీసం నెల, వీలైతే మూడు నెలలు జరపాలి. క్యాన్సర్ అంతకాలం ఆగకపోవచ్చు. ఆంకాలజిస్టు ముందుగా కీమో ఇచ్చి ఆ సమయం సంపాదించగలరేమో అడగండి.

నెల లోపు గడ్డ, తప్పనిసరి ఆపరేషన్, పూర్తి మోతాదు ఆపక తప్పదు: ఈ మూడూ కలిసినప్పుడే పొట్టలోని పెద్ద సిరలో, గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్లకుండా ఆపే, తీసివేయగల ఫిల్టర్ పెట్టే ఆలోచన చేయాలి. పెట్టిన రోజే తీసే తేదీ కూడా రాసుకోవాలి. మరిచిపోయి వదిలేసిన ఫిల్టరే తర్వాత కొత్త గడ్డలకు కారణమవుతుంది.

క్లోమం, జీర్ణాశయం, అన్నవాహిక, మెదడులో పుట్టిన క్యాన్సర్లు, ఎముక మజ్జలో రక్తకణాలు అతిగా పెరిగే జబ్బులు ఉన్నవారిని గడ్డ పాతదైనా ఎక్కువ ప్రమాదం ఉన్నట్టే చూడాలి. కృత్రిమ మైట్రల్ కవాటం ఉన్నవారు కూడా ఈ వరసలోనే వస్తారు.

5. ఆపడం: సోమవారం ఆపరేషన్ అనుకుందాం

పేగు క్యాన్సర్ ఆపరేషన్, అంటే ఎక్కువ రక్తస్రావం కోవ.

అపిక్సబాన్, రివరోక్సబాన్: చివరి మాత్ర శుక్రవారం. శని, ఆది పూర్తిగా ఖాళీ. సోమవారం ఉదయం కూడా వేసుకోకూడదు. తక్కువ రక్తస్రావం కోవలోని పని అయితే ఒక్క ఆదివారం ఖాళీ చాలు. ఈ రోజుల లెక్క 2019లో వెలువడిన పాజ్ అధ్యయనం నుంచి వచ్చింది. అది గుండె లయ తప్పినవారి మీద చేసిన అధ్యయనం, అయినా క్యాన్సర్‌లోనూ ఇప్పుడు దీన్నే అనుసరిస్తున్నారు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవారిని ఆ అధ్యయనంలోకి తీసుకోలేదు, వారికి రోజులు పెంచాలి.

డబిగాట్రాన్: పైన చెప్పిన కిడ్నీ లెక్కలో 50 లేదా అంతకన్నా ఎక్కువైతే పై లెక్కే. 50 లోపైతే పెద్ద ఆపరేషన్‌కు నాలుగు రోజులు, చిన్నదానికి రెండు రోజులు.

వార్ఫరిన్: చివరి మాత్ర మంగళవారం రాత్రి. బుధవారం నుంచి ఆదివారం దాకా ఐదు రోజులు ఖాళీ. ఆదివారం ఐఎన్ఆర్ చూసి, 1.5 కన్నా ఎక్కువుంటే 1 నుంచి 2.5 మి.గ్రా. విటమిన్ కె నోటి ద్వారా ఇస్తారు. ఎసిట్రామ్ శరీరం నుంచి త్వరగా పోతుంది, కాబట్టి చివరి మాత్ర గురువారం రాత్రి, మూడు రోజులు ఖాళీ. ఈ రెండింటినీ ఒకటే మందనుకుని ఎసిట్రామ్‌ను కూడా ఐదు రోజులు ఆపించడం తరచూ జరుగుతుంది. రెండు రోజులు అనవసరంగా రక్షణ లేకుండా గడుస్తాయి.

ఎనాక్సపారిన్ పూర్తి మోతాదు (కిలోకు 1 మి.గ్రా., 12 గంటలకోసారి): చివరి ఇంజెక్షన్ ఆదివారం ఉదయం. ఆదివారం రాత్రిది ఇవ్వకూడదు. రోజుకు ఒకేసారి పెద్ద డోసు తీసుకునేవారికి ఆదివారం ఉదయం సగం డోసు.

ఆస్పిరిన్: స్టెంట్ ఉన్నవారికి సాధారణంగా ఆపరు. మెదడు, వెన్ను ఆపరేషన్లకు వేరే నిర్ణయం. క్లోపిడోగ్రెల్ ఐదు రోజుల ముందు ఆపుతారు, కానీ మందు పూసిన స్టెంట్ వేసి మూడు నెలలైనా కాకపోతే గుండె డాక్టర్ రాతపూర్వకంగా చెప్పకుండా ఆపొద్దు.

మధ్యలో ఇంజెక్షన్ అవసరమా? అపిక్సబాన్, రివరోక్సబాన్, డబిగాట్రాన్ ఆపినవారికి ఆపరేషన్‌కు ముందు ఎనాక్సపారిన్ అక్కర్లేదు. అవి ఎంత త్వరగా దిగుతాయో ఇంజెక్షనూ అంతే త్వరగా దిగుతుంది. ఆదివారం "జాగ్రత్త కోసం" ఇంజెక్షన్ ఇస్తే సోమవారం థియేటర్లో రక్తం ఆగదు. వార్ఫరిన్ వాడేవారిలో మాత్రం మూడు నెలల లోపు గడ్డ, కృత్రిమ మైట్రల్ కవాటం లాంటి ఎక్కువ ప్రమాదం ఉంటే, శుక్రవారం నుంచి ఆదివారం ఉదయం దాకా ఇంజెక్షన్లు ఇస్తారు. గుండె లయ తప్పినవారిలో ఇలా ఇవ్వడం వల్ల మెదడు పోటు తగ్గలేదు. పెద్ద రక్తస్రావం 1.3 శాతం నుంచి 3.2 శాతానికి పెరిగిందని 2015 నాటి బ్రిడ్జ్ అధ్యయనం చూపింది.

6. వెన్నులో మత్తు ఇవ్వబోతుంటే

పెద్ద పొట్ట, ఛాతీ ఆపరేషన్లకు నొప్పి తెలియకుండా వెన్నులో సన్నని గొట్టం పెడతారు. అక్కడ రక్తం చేరి వెన్నుపామును నొక్కితే కాళ్లు పడిపోతాయి. అందుకే గడువులు కఠినంగా ఉంటాయి. అపిక్సబాన్, రివరోక్సబాన్ చివరి డోసు నుంచి 72 గంటలు, ఎనాక్సపారిన్ పూర్తి మోతాదు నుంచి 24 గంటలు, నివారణ మోతాదు నుంచి 12 గంటలు గడవాలి. సోమవారం ఉదయం ఎనిమిదికి సూది వేయాలంటే చివరి అపిక్సబాన్ మాత్ర శుక్రవారం ఉదయమే. రాత్రి మాత్ర వేసుకుంటే గడువు సరిపోదు. అందుకే మత్తు డాక్టర్‌ను ముందుగానే కలవాలి.

గొట్టం తీసేటప్పుడూ ఇదే జాగ్రత్త. ఎనాక్సపారిన్ నివారణ మోతాదు (40 మి.గ్రా.) ఇచ్చిన 12 గంటల తర్వాత తీయాలి. తీశాక కనీసం 4 గంటలు ఆగి తర్వాతి డోసు ఇవ్వాలి. గొట్టం ఉన్నంతసేపూ పూర్తి మోతాదు గానీ కొత్త తరం మాత్రలు గానీ వద్దు. కాళ్లు బరువెక్కడం, తిమ్మిరి, కొత్తగా నడుం నొప్పి, మూత్రం రాకపోవడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఎంఆర్ఐ చేయించాలి. గంటలు గడిచేకొద్దీ కాళ్లు తిరిగి వచ్చే అవకాశం తగ్గిపోతుంది.

7. ఆపరేషన్ వాయిదా పడితే

ఊరి నుంచి వచ్చి అడ్మిట్ అయ్యాక ఓటీ లిస్టులో పేరు వెనక్కి జరగడం మామూలే. జ్వరం వచ్చినా, ఐసీయూ మంచం ఖాళీ లేకపోయినా తేదీ మారుతుంది. అప్పటికే మందు ఆపి రెండు మూడు రోజులవుతుంది. "రేపు, ఎల్లుండి" అంటూ వారం గడిస్తే, పెద్ద ప్రమాదం ఉన్న మనిషి వారంపాటు ఏ రక్షణా లేకుండా మంచం మీద ఉన్నట్టే. వాయిదా సంగతి తెలిసిన గంటలోనే వార్డు డాక్టర్‌ను ఈ ప్రశ్న అడగండి: "మందు ఆపి ఇన్ని రోజులైంది, ఆపరేషన్ దాకా ఏం ఇస్తారు?" ఒక రోజు వాయిదా అయితే ఏమీ మార్చనక్కరలేకపోవచ్చు. అంతకు మించితే సాధారణంగా వార్డులోనే ఎనాక్సపారిన్ మొదలుపెట్టి, కొత్త తేదీకి 24 గంటల ముందు ఆపుతారు. మూడు నాలుగు రోజులకు పైబడితే పాత మాత్రే మళ్లీ ఇవ్వొచ్చు.

8. మళ్లీ మొదలుపెట్టడం

ఇది రెండు అంచెల్లో సాగుతుంది. మొదటి అంచె నివారణ మోతాదు: ఆపరేషన్ అయిన 6 నుంచి 12 గంటలకు, రక్తం నిలకడగా ఆగిందని సర్జన్ చెప్పాక, ఎనాక్సపారిన్ 40 మి.గ్రా. రోజుకొకసారి. అప్పటిదాకా కాళ్లకు గాలి పట్టీలు. 45 కిలోల లోపు మహిళలు, 57 కిలోల లోపు పురుషుల్లో ఇదే మోతాదు ఎక్కువగా పనిచేస్తుంది కాబట్టి రక్తస్రావాన్ని మరింత గమనించాలి. కిడ్నీ లెక్క 30 లోపైతే మోతాదు తగ్గించాలి, లేదా మామూలు హెపారిన్ 5000 యూనిట్లు 8 లేదా 12 గంటలకోసారి ఇవ్వాలి.

రెండో అంచె పూర్తి మోతాదు: పెద్ద ఆపరేషన్ తర్వాత 48 నుంచి 72 గంటలకు, చిన్నదాని తర్వాత 24 గంటలకు. గడియారం చూసి మాత్రమే మొదలుపెట్టకూడదు. డ్రెయిన్‌లో (ఆపరేషన్ చోటు నుంచి ద్రవం బయటికి తీసే గొట్టం) ఎర్ర రక్తం పెరుగుతోందా, నాడి వేగం పెరిగిందా, హిమోగ్లోబిన్ నిన్నటికన్నా పడిందా, గాయం ఉబ్బిందా చూడాలి. వీటిలో ఒక్కటి తేడాగా ఉన్నా నివారణ మోతాదు దగ్గరే ఆగాలి. పూర్తి మోతాదు మొదలైన రోజు 40 మి.గ్రా. ఇంజెక్షన్ ఆపాలి. పాత ఆర్డర్ కొట్టేయకుండా కొత్తది రాస్తే రెండూ నడుస్తాయి. వార్డులో జరిగే ప్రమాదకరమైన పొరపాట్లలో ఇదొకటి.

వార్ఫరిన్ పనిచేయడానికి రోజులు పడుతుంది కాబట్టి, నోటితో తీసుకోగలిగితే మొదటి 24 గంటల్లోనే పాత డోసు మొదలుపెట్టొచ్చు. ఐఎన్ఆర్ తగిన స్థాయికి చేరేదాకా ఇంజెక్షన్ కొనసాగాలి. తిండి తక్కువ, యాంటీబయాటిక్స్ ఎక్కువ ఉన్న ఆ రోజుల్లో మెట్రోనిడజోల్, ఫ్లూకొనజోల్ లాంటివి ఐఎన్ఆర్‌ను అమాంతం పెంచుతాయి. రెండు మూడు రోజులకోసారి చూడాలి.

హెపారిన్ రకం మందులు మొదలుపెట్టిన 5 నుంచి 10 రోజుల మధ్య ప్లేట్‌లెట్లు సగానికి పడితే కీమో వల్లేనని సరిపెట్టుకోవద్దు. హెపారిన్ వల్లే ప్లేట్‌లెట్లు పడిపోయి, అదే సమయంలో కొత్త గడ్డలు కట్టే జబ్బు ఒకటుంది. ఆ అనుమానం వచ్చిన వెంటనే హెపారిన్, ఎనాక్సపారిన్ రెండూ ఆపి వేరే మందుకు మారాలి.

9. పొట్ట ఆపరేషన్ అయినవారికి మాత్ర ఒంటికి పడుతుందా?

ఈ ప్రశ్న చాలామంది వదిలేస్తారు. రివరోక్సబాన్ ఎక్కువగా జీర్ణాశయంలోనే ఒంటికి పడుతుంది, పెద్ద డోసులకు తోడు అన్నం కూడా ఉండాలి. జీర్ణాశయం తీసేసినవారికి, చిన్నపేగులోకి గొట్టం ద్వారా ఆహారం ఇస్తున్నవారికి అదే మాత్ర ఇస్తే రోజూ మందు వేస్తున్నట్టే ఉంటుంది, రక్షణ మాత్రం ఉండదు. డబిగాట్రాన్ క్యాప్సూల్ విప్పి గొట్టంలో వేయకూడదు, మందు ప్రమాదకరంగా ఎక్కువ ఒంటికి పడుతుంది. జీర్ణాశయం, పేగులో పెద్ద భాగం తీసేసినవారికి, వాంతులు ఆగనివారికి ఇంజెక్షనే నమ్మదగినది.

10. ఇంటికి వెళ్లాక 28 రోజులు

పొట్ట, కటి భాగంలో పెద్ద క్యాన్సర్ ఆపరేషన్ అయినవారికి, ముందెప్పుడూ రక్తం పలచబరిచే మందు వాడకపోయినా, ఆపరేషన్ రోజు నుంచి మొత్తం నాలుగు వారాలు నివారణ మోతాదు ఇవ్వాలి. 2002 నాటి ఎనాక్సాకాన్-2 అధ్యయనంలో వారం ఇచ్చినవారిలో 12 శాతం మందికి గడ్డలు కనిపిస్తే, నాలుగు వారాలు ఇచ్చినవారిలో 4.8 శాతం మందికే కనిపించాయి. సూది అంటే భయపడేవారు మాత్ర గురించి అడగొచ్చు. గైనిక్ క్యాన్సర్ ఆపరేషన్ల తర్వాత అపిక్సబాన్ 2.5 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ల్యాప్రోస్కోపీ పద్ధతిలో పెద్దపేగు ఆపరేషన్ తర్వాత రివరోక్సబాన్ 10 మి.గ్రా. వాడి చూసిన అధ్యయనాలు ఉన్నాయి.

ఇంజెక్షన్ ఇంట్లోనే ఇవ్వొచ్చు. డిశ్చార్జికి ముందు రోజు నర్సు ఎదుట ఇంట్లోవాళ్లు ఒక్కసారైనా చేసి చూపాలి. చేతులు కడుక్కుని, బొడ్డుకు కనీసం 5 సెం.మీ. దూరంలో, కుట్లకు, కొలోస్టమీ సంచికి (పొట్ట మీద మలం చేరే సంచి) దూరంగా చోటు ఎంచుకోవాలి. ముందే నింపిన సిరంజిలో కనిపించే గాలిబుడగను బయటకు నెట్టొద్దు, నెడితే మందు కూడా కొంత పోతుంది. చర్మాన్ని రెండు వేళ్లతో మడతలా పట్టి, సూదిని నిలువుగా పూర్తిగా దించి, మెల్లగా నొక్కాలి. సూది తీసేదాకా మడత వదలొద్దు. తర్వాత రుద్దొద్దు, రుద్దితే నీలం మచ్చ పెద్దదవుతుంది. రోజూ కుడి, ఎడమ మార్చాలి. వాడిన సిరంజిని చెత్తబుట్టలో వేయకుండా మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఆసుపత్రిలో ఇచ్చేయండి. మందును 25 డిగ్రీల లోపు ఉంచాలి, ఫ్రీజర్‌లో పెట్టకూడదు. మన ఎండాకాలంలో కారులో, కిటికీ పక్కన వదిలేయొద్దు.

ఒక డోసు మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే ఇవ్వండి. తర్వాతి డోసు సమయం దగ్గరపడితే వదిలేయండి, రెండూ కలిపి ఇవ్వొద్దు.

ఒక కాలు మాత్రమే వాచి నొప్పెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు: గడ్డ అనుమానం. నల్లటి విరేచనం, మూత్రంలో రక్తం, గాయం ఉబ్బడం, కళ్లు తిరిగి పడటం, తలకు దెబ్బ: రక్తస్రావం అనుమానం. దేనికైనా వెంటనే ఆసుపత్రికి. అక్కడ ముందుగా చెప్పాల్సింది చివరి డోసు ఎన్ని గంటలకు, ఎంత వేసుకున్నారో. వార్ఫరిన్‌కు విటమిన్ కె, గడ్డకట్టే కారకాల సాంద్ర మందు, డబిగాట్రాన్‌కు ఇడారుసిజుమాబ్, ఎనాక్సపారిన్‌కు కొంతమేర ప్రొటమిన్ ఉన్నాయి. ఏది, ఎంత ఇవ్వాలన్నది ఆ సమయాన్ని బట్టే తేలుతుంది. పేగు చిల్లుపడి అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి వచ్చినా ఇదే మొదటి ప్రశ్న.

28వ రోజు ఇంజెక్షన్లు అయిపోతాయి. నివారణ కోసమే తీసుకున్నవారు అక్కడితో ఆపొచ్చు. కానీ ఆపరేషన్‌కు ముందే గడ్డ కట్టి మందు వాడుతున్నవారికి ఈ గడువు వర్తించదు. వారు కనీసం మూడు నుంచి ఆరు నెలలు, క్యాన్సర్ ఇంకా ఉన్నా, కీమో నడుస్తున్నా అంతకు మించి పూర్తి మోతాదు కొనసాగించాలి. ఒకే వార్డు నుంచి ఒకే రోజు ఇంటికి వెళ్లే ఇద్దరి కాగితాల్లో ఈ తేడా ఉంటుంది. అందుకే డిశ్చార్జి కాగితంలో మందు పేరు, మోతాదు, నివారణ కోసమా చికిత్స కోసమా, ఏ తేదీ దాకా, ఏ రోజు ఎవరిని కలిసి కొనసాగింపు నిర్ణయించుకోవాలి, ఈ ఐదూ తెలుగులో రాయించుకుని కౌంటర్ దగ్గర నుంచి కదలండి.